‘ఒక హిజ్రా ఆత్మకథ’: ఉత్తమ పురుషలో అడిగిన ప్రశ్న

ఒక పుస్తకం మంచిదా, కాదా అని తేల్చడానికి సాహిత్య విమర్శకులకు తమ కొలతలు తమకున్నాయి. విజ్ఞాన పత్రికకు వేరొక కొలత కావాలి. ఆ పుస్తకాన్ని ఓర్వకల్లు వంటి ఊరిలో ఒక బడిపంతులు చేతిలోనో, ఒక ఆశా కార్యకర్త చేతిలోనో పెడితే, మరునాడు తమ ముందుకు వచ్చి నిలబడే మనిషిని వారు మునుపటికన్న కొంచెమైనా మెరుగ్గా అర్థం చేసుకోగలరా? పి. సత్యవతి తెలుగులోకి తెచ్చిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ను ఈ కొలతతో చూడవలసి ఉన్నది.

ఓర్వకల్లు పేరు ఎత్తడానికి కారణం లేకపోలేదు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్ళే దారిలో, రాతి గుట్టల నడుమ ఉన్న ఈ మండల కేంద్రం రెండు విషయాలకు పేరుపడింది. 1990ల మధ్యకాలంలో ఇక్కడి ఆడవాళ్ళు పొదుపు సంఘాలుగా కూడి, అంతవరకు ఇంటి గడప దాటని అప్పులనూ కష్టాలనూ పదిమంది మధ్య కూర్చుని చెప్పుకొనడం నేర్చుకొన్నారు. 2021 మార్చిలో ఇక్కడి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు మొదలైనాయి. దూరపు నగరాలు దగ్గరైనాయి. అయినా, ‘అమ్మా, నేను మగపిల్లవాణ్ణి కాననిపిస్తున్నది’ అని పదిహేనేళ్ళ బిడ్డ ఒక రాత్రి తల్లితో చెబితే, ఆ తల్లి ఎవరి గడప తొక్కాలి? పూజారి దగ్గరికి పోవాలా, భూతవైద్యుని దగ్గరికి పోవాలా, డాక్టరు దగ్గరికి పోవాలా? ఈ ప్రశ్నకు ఏ ఊరిలోనైనా తయారుగా ఉన్న జవాబులు పాతవే. వాటిలో మొదటిది దెబ్బలు. రెండవది పెండ్లి చేస్తే కుదురుకొంటుందన్న ఆశ.

రేవతి జీవితంలో ఈ ప్రశ్నకు ఎవరెవరు ఏమేమి జవాబులు చెప్పారో ఈ గ్రంథం ఓపికగా నమోదు చేసింది. ఎవరూ చేయని పని ఏమిటో కూడా ఇందులో కనిపిస్తున్నది. ఆ పనికే నేటి మనోవైద్యంలో ‘అఫర్మేటివ్ థెరపీ’ అని పేరు. గ్రంథం ఆ పేరును జపించదు. కాని ఆ పని లేని లోటును ఇంత స్పష్టంగా చూపే పుస్తకం తెలుగులో మరొకటి దొరకడం కష్టం.

గ్రంథమూ, దాని పేరూ

ఎ. రేవతి తమిళనాడులో నామక్కల్ ప్రాంతపు పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు దొరైస్వామి. బడిలో హేళన, ఇంట్లో అన్నల దెబ్బలు భరించలేక చిన్న వయసులోనే ఇల్లు విడిచి ఢిల్లీ చేరి, ఒక హిజ్రా గురువుకు చేలా అయినారు. తరువాత ముంబయి, ఆపైన బెంగళూరు. 1999లో బెంగళూరులోని ‘సంగమ’ సంస్థలో చిన్న ఉద్యోగంలో చేరి, పెద్ద బాధ్యతల వరకు ఎదిగారు. 2004లో తనవంటివారి అనుభవాలను సేకరించి ‘ఉణర్వుం ఉరువముం’ అనే తమిళ గ్రంథం వెలువరించారు. తన కథను కూడా తమిళంలోనే వ్రాసినా, మొదట వెలుగు చూసింది వి. గీత చేసిన ఇంగ్లీషు అనువాదం. అది 2010లో వచ్చింది. తమిళమూలం ‘వెళ్ళై మొళి’ అన్న పేరుతో ఆ తరువాత అచ్చయింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన సత్యవతి తెలుగు సేతకు 2019వ సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది.

అనువాదకురాలికి ఈ విషయం కొత్తది కాదు. సత్యవతి వ్రాసిన ‘ఇల్లలకగానే’ అనే కథలో ఒక గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోతుంది. ఆ పేరును ఆమెకు తిరిగి ఇచ్చేది భర్త కాదు, పిల్లలు కారు, చిన్ననాటి స్నేహితురాలు. పేరు పోగొట్టుకొన్న మనిషికి పేరు పెట్టి పిలిచే మరొక మనిషి కావాలన్న సత్యం ఆ కథలో ఉన్నది. రేవతి కథను తెలుగు చేయడానికి ఇంతకన్న తగిన చేయి దొరకదు.

అట్టి చేతినుంచి వచ్చిన గ్రంథానికి పెట్టిన పేరు మాత్రం ఆలోచింపజేస్తున్నది. ఇంగ్లీషు ప్రతికి ‘నా గురించిన నిజం’ అన్నది ప్రధాన నామం. ‘ఒక హిజ్రా జీవితకథ’ అన్నది ఉపనామం. తెలుగులో ప్రధాన నామం జారిపోయి ఉపనామమే మిగిలింది. అమ్మకానికి ఇది అనుకూలం కావచ్చు. కాని ‘నేను’ అన్న మాట పోయి, ఆ స్థానంలో ‘ఒక హిజ్రా’ అన్న వర్గనామం వచ్చింది. పుస్తకమంతటా రచయిత్రి ఏ మార్పును ఎదిరించి పోరాడారో, ఆ మార్పే అట్ట మీద జరిగిపోయింది. అదిగాక, హిజ్రా అనేది గురుశిష్య పరంపర, కట్టుబాట్లు, ఇళ్ళు గల ఒక సమాజం పేరు. మగపుట్టుక పుట్టి తాము స్త్రీలమని ఎరిగినవారందరూ ఆ సమాజంలో చేరరు. ఆడపుట్టుక పుట్టి తాము పురుషులమని ఎరిగినవారు మరొక వర్గం. వారి గొంతులు ఈ పుస్తకంలో ముఖ్యంగా వినిపించవు. 2016లో వెలువడిన తన మరొక ఇంగ్లీషు గ్రంథంలో రేవతి వారి కథలకు కూడా చోటిచ్చారు. ఈ తేడాలు తెలియని పాఠకుడు అట్ట చూసి, లోపల ఒక జాతి కథ ఉన్నదనుకొంటాడు. లోపల ఉన్నది ఒక మనిషి కథ.

వ్యాకరణం చెప్పే సాక్ష్యం

పేరు విషయంలో తప్పటడుగు పడినా, తెలుగు భాష స్వభావం ఈ గ్రంథానికి ఒక గొప్ప మేలు చేసింది. ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్నప్పుడు తెలుగు క్రియ లింగాన్ని తేల్చిచెబుతుంది. ఇది ప్రథమ పురుష, అనగా ఎదుట లేనివారిని గురించి మాట్లాడే తీరు. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు క్రియ లింగం చెప్పదు. హిందీలో అట్లా కాదు. తనను గురించి తాను చెప్పుకొనేవారు సైతం ‘ఆయా’ అనాలో ‘ఆయీ’ అనాలో ముందే నిర్ణయించుకోవాలి. తమిళం ఈ విషయంలో తెలుగుకు తోబుట్టువు. అందుచేత తెలుగులో రేవతి ‘నేను’ అని మొదలుపెట్టి, ఎన్ని పుటలైనా తన లింగాన్ని క్రియతో ప్రకటించకుండా నడవగలరు. ఇతరులు ఆమెను గురించి మాట్లాడినప్పుడే ‘వాడు’ అన్న మాట దెబ్బలా వచ్చి పడుతుంది.

మధ్యమ పురుష సంగతి ఇంకా విచిత్రం. ‘వచ్చావు’, ‘మీరు వచ్చారు’ అన్నప్పుడు కూడా క్రియలో లింగం లేదు. కాని చనువు హెచ్చితే ‘ఏరా’, ‘ఏమే’ అన్న పిలుపులు లింగాన్ని తెచ్చిపెడతాయి. మర్యాద హెచ్చితే అది తొలగిపోతుంది. ‘వారు వచ్చారు’ అన్నప్పుడు ప్రథమ పురుషలో సైతం ఆడ, మగ తేడా కనిపించదు. ఎదుటి మనిషి ఎవరో ఇంకా తెలియనప్పుడు తెలుగువాడు సహజంగా ‘మీరు’ అంటాడు. నేడు వైద్యులకు ప్రత్యేకంగా నేర్పవలసివస్తున్న ఒక జాగ్రత్త ఈ భాషలోని మర్యాదలో ముందే ఇమిడి ఉన్నది. ఓర్వకల్లు ఆశా కార్యకర్తకు ఈ ఒక్క సంగతి చాలు. ఎదుట కూర్చున్నవారిని ‘మీరు’ అని పిలిచి, వారి ‘నేను’ను వినడం. చికిత్స అక్కడే మొదలవుతుంది.

వేషమూ, స్వరూపమూ

గ్రంథంలో శాస్త్రదృష్టికి అన్నిటికన్న విలువైన ఘట్టం చిన్ననాటి జాతరది. ఊరి మారియమ్మ ఉత్సవంలో రేవతి కురత్తి వేషం కడతారు. ఊరు మెచ్చుకొంటుంది. వేషం తీసి మగబట్టలు తొడిగినప్పుడు, నిజమైన తాను అక్కడే మిగిలిపోయినట్లు, ఇప్పుడు తొడిగినదే వేషమైనట్లు ఆ బాలహృదయానికి తోస్తుంది.

దీనిని తెలుగు దేశపు అనుభవంతో పోల్చి చూస్తే విషయం తేటపడుతుంది. కర్నూలు జిల్లా ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోళీనాడు మగవారు చీరలు కట్టి, నగలు పెట్టుకొని, రతీమన్మథులకు మొక్కు చెల్లిస్తారు. మొక్కు తీరిన తరువాత చీర మడిచిపెట్టి పొలానికి పోతారు. స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికి వస్తే ప్రేక్షకులు మైమరచేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ బిరుదు వచ్చింది. తెర దిగిన తరువాత ఆయన నరసింహారావే. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ అయితే స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించారు. ఈ చర్చలన్నీ వేషాన్ని గురించినవి. వేషం వేసినవాని ‘నేను’ మీద వీటిలో ఎవరికీ సందేహం లేదు.

రేవతి అనుభవం దీనికి తలక్రిందులు. చీర ఒకటే, లోపల జరిగినది వేరు. మొక్కు కోసం చీర కట్టినవానికి చీర వేషం, పంచె స్వరూపం. ఆ బిడ్డకు పంచె వేషమైంది. బయటినుంచి చూసేవారు ఈ భేదాన్ని పసిగట్టలేరు. అది చెప్పగలిగినది ఆ మనిషి ఒక్కరే. అందుకే ఈ విషయంలో అడగడం, వినడం తప్ప వైద్యునికి వేరే పరికరం లేదు. రక్తపరీక్షలోగాని, తలకు తీసే చిత్రంలోగాని ఈ జవాబు దొరకదు. తాను స్త్రీనా, పురుషుడినా, మరొకరినా అని లోపల ఎరిగిన భావానికి ‘లింగ అస్తిత్వం’ అనవచ్చు. ఈ అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను 1964లో రాబర్ట్ స్టోలర్, రాల్ఫ్ గ్రీన్‌సన్ అనే అమెరికన్ మనోవైద్యులు వాడుకలోకి తెచ్చారు. శరీరలక్షణం వేరు, ఈ ఎరుక వేరు అని వేరుచేసి చెప్పడానికి శాస్త్రానికి అంతకాలం పట్టింది. తెలుగులో నేటికీ రెంటికీ ‘లింగం’ అన్న ఒక్క మాటే దిక్కు.

జవాబులు చెప్పినవారు, ప్రశ్న అడగనివారు

ఇంట్లోవారు చెప్పిన జవాబు దెబ్బలు, తల గొరిగించడం. అది క్రూరత్వమని తోసిపుచ్చడం సులభం. కాని రచయిత్రి వారిని రాక్షసులుగా చిత్రించలేదు. కొట్టిన చేతులు కూడా భయపడిన చేతులే అన్నది ఆమె కథనంలో తెలుస్తుంది. తల్లి ప్రేమ, పరువు భయం ఒకే ఇంట్లో ఒకదానితో ఒకటి పెనుగులాడడం ఈ గ్రంథంలోని ఉత్తమ భాగం.

హిజ్రా ఇల్లు మరొక జవాబు చెప్పింది. అది ఆమెను కూతురుగా చేర్చుకొన్నది. స్త్రీ పేరుతో పిలిచింది. లోకమంతా ‘కాదు’ అన్నచోట అది ‘అవును’ అన్నది. దీని విలువను తగ్గించరాదు. కాని ఆ ‘అవును’ వెనుక నియమాలున్నాయి. గురువు మాట జవదాటరాదు. సంపాదన ఇంటికి అప్పగించాలి. బ్రతుకు తెరువుకు మిగిలిన దారులు అడుక్కోవడం, ఒళ్ళమ్ముకోవడం. అంగీకారం దొరికింది, స్వేచ్ఛగా ఆలోచించుకొనే వ్యవధి దొరకలేదు.

శస్త్రచికిత్స మూడవ జవాబు. ఆ కాలంలో అది గురువు అనుమతితో, బిడియంతో, గుట్టుగా జరిగే పని. శస్త్రచికిత్స తరువాత నలభై రోజుల ఆచారం ఉన్నది. శస్త్రచికిత్సకు ముందు నాలుగు గంటల సంభాషణ లేదు. ఏమి మారుతుంది, ఏమి మారదు, నొప్పి ఎంత, మూత్రవిసర్జనకు ఇబ్బంది వస్తుందా, మనసు ఎట్లా ఉంటుంది అని కూర్చోబెట్టి చెప్పే మనిషి ఆమెకు కనిపించడు. ఇక్కడ పాఠకుడు ఒక పొరపాటు పడే ప్రమాదమున్నది: కత్తి గాటే స్త్రీత్వానికి ముద్ర అనుకొనడం. శాస్త్రం అట్లా చెప్పదు. ఎందరో శస్త్రచికిత్స కోరరు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా, లింగ అస్తిత్వాన్ని గుర్తించడానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టడం అనైతికమనీ, చట్టవిరుద్ధమనీ చెప్పింది.

ముగ్గురూ జవాబు చెప్పారు. ‘నీకేమనిపిస్తున్నది? ఎప్పటినుంచి? ఏమి జరిగితే నీకు ఊరట?’ అని తీరికగా అడిగినవారు లేరు.

అంగీకార చికిత్స అంటే ఏమిటి

‘అఫర్మేటివ్ థెరపీ’ని తెలుగులో ‘అంగీకార చికిత్స’ అనవచ్చు. ఈ పేరుతో రెండు చిక్కులు రాగలవు. ‘చికిత్స’ అంటే రోగమున్నదనిపిస్తుంది. ఇక్కడ చికిత్స లింగ అస్తిత్వానికి కాదు, దాని చుట్టూ పేరుకొన్న బాధకు. ‘అంగీకారం’ అంటే అడిగినదానికెల్లా తలయూపడమనిపిస్తుంది. అది కూడా కాదు. వచ్చిన మనిషి పొరబడ్డాడన్న తీర్పుతో మొదలుపెట్టకపోవడమే దాని సారం.

దీని వేళ్ళు 1951లో కార్ల్ రోజర్స్ వ్రాసిన గ్రంథం దాకా పోతాయి. చికిత్సకుడు తీర్పరి కాదనీ, షరతులు లేని ఆదరంతో వింటే మనిషి తన దారి తానే వెతుక్కొంటాడనీ ఆయన ప్రతిపాదించాడు. అదే కాలంలో స్వలింగ ప్రేమను మాన్పడానికి విద్యుత్ ఘాతాలు, వాంతి మందులు వాడే వైద్యులు కూడా ఉండేవారు. 1973లో అమెరికా మనోవైద్య సంఘం స్వలింగ ప్రేమను రోగాల పట్టీనుంచి తొలగించింది. 1982లో అలన్ మేలన్ అనే మనోవైజ్ఞానికుడు, రోగికి కావలసింది కోరికను మార్చడం కాదనీ, లోపల నాటుకొన్న సిగ్గును తొలగించడమనీ వాదించి, ఈ చికిత్సకు పేరుపెట్టాడు. లింగ అస్తిత్వం విషయంలో మార్పు ఇంకా ఆలస్యంగా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన పదకొండవ రోగవర్గీకరణలో దీనిని మానసిక రోగాల అధ్యాయంనుంచి తీసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చింది.

పద్ధతి ఇట్లా సాగుతుంది. మొదటి కూటమిలో ఏ పేరుతో పిలవాలో చికిత్సకుడు అడుగుతాడు. తరువాత జ్ఞాపకాలు: బట్టలు, ఆటలు, గొంతు మారిన రోజు, అద్దం చూడలేని రోజు. ఆపైన బాధను విడదీయడం. అందులో శరీరాన్ని గురించినది ఎంత, లోకుల హేళన వల్ల వచ్చినది ఎంత, వేరే కారణం వల్ల వచ్చిన కుంగుబాటు ఎంత? ఈ మూడూ కలిసి వచ్చినా, ఒక్కొక్కదానికి మందు వేరు. ఆ తరువాత, వెనుకకు తీసుకోగలిగిన చిన్న అడుగులు: నమ్మినవారి మధ్య కోరిన పేరుతో కొన్నాళ్ళు ఉండి చూడడం, కోరిన బట్టలు కట్టి చూడడం. ఊరట కలిగిందా, కలవరం హెచ్చిందా అని మళ్ళీ మాట్లాడుకొనడం. ఈ వెతుకులాటలో కొందరు తాము అనుకొన్నదే నిజమని తేల్చుకొంటారు. కొందరు మరొక నిజం కనుగొంటారు. కొందరు తొందర లేదనుకొంటారు. ఏది తేలినా చికిత్స ఓడినట్లు కాదు. హార్మోన్లు, శస్త్రచికిత్స అనేవి వేరే మెట్లు. హార్మోన్ల వల్ల కలిగే మార్పులలో కొన్ని వెనుకకు మళ్ళుతాయి, కొన్ని మళ్ళవు, సంతానశక్తి తగ్గవచ్చు. అవి తెలిసి, వయసు వచ్చి, ఆలోచించుకొన్నవారు నిపుణుల పర్యవేక్షణలో ఎక్కవలసిన మెట్లు.

దీనికి ఆధారాలేమిటని అడగడం న్యాయమే. 2018లో అమెరికాలో 129 మంది ట్రాన్స్‌జెండర్ యువజనులను గురించిన ఒక పరిశోధన వెలువడింది. ఇల్లు, బడి, పని, స్నేహితులు అనే చోట్లలో ఎన్నిచోట్ల కోరిన పేరుతో పిలవబడితే అంతగా కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. 2009లో 224 మంది స్వలింగ, ఉభయలింగ ప్రేమికులైన యువజనుల మీద జరిగిన మరొక పరిశోధనలో, కుటుంబం తీవ్రంగా తిరస్కరించినవారు ఆత్మహత్యకు ప్రయత్నించినట్లు చెప్పిన నిష్పత్తి, తిరస్కారం లేనివారితో లేక స్వల్పంగా ఉన్నవారితో పోలిస్తే 8.4 రెట్లు. ఇవి సంబంధాన్ని చూపుతాయి. ఒకటి రెండవదానికి కారణమని పూర్తిగా నిరూపించవు. అయినా పేరు పెట్టి పిలవడానికి ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ‘ఇల్లలకగానే’ కథలో స్నేహితురాలు చేసిన పని ఇదే.

పిల్లలకు ఇచ్చే మందుల విషయంలో వివాదం ఉన్నది. దానిని దాచడం శాస్త్రధర్మం కాదు. ఇంగ్లండులో హిలరీ కాస్ నాయకత్వాన 2024లో వెలువడిన సమీక్ష, యౌవనారంభాన్ని ఆపే మందులకు ఉన్న ఆధారాలు బలహీనమని చెప్పి, జాగ్రత్తను కోరింది. దానిని విమర్శించిన వైద్యసంఘాలు కూడా ఉన్నాయి. కాని ఈ తగవు మందులను గురించినది. బిడ్డ మాటను కొట్టకుండా వినాలా, వద్దా అన్నది ఆ తగవులో లేదు.

చట్టమూ, వైద్యమూ

మద్రాసు హైకోర్టులో 2021 జూన్ 7న వెలువడిన ఒక ఉత్తర్వు ఈ గ్రంథంతోపాటు చదవదగినది. ఇద్దరు యువతుల కేసు విన్న న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్, తనకు ఈ విషయం తెలియదని ఒప్పుకొని, తానే ఒక మనోవైజ్ఞానికురాలి దగ్గర కూర్చుని నేర్చుకొని, ఆ తరువాత తీర్పు చెప్పారు. ఇటువంటివారిని వైద్యం పేరుతో ‘మార్చే’ ప్రయత్నాలను నిషేధించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్స వృత్తిదోషమని రాష్ట్రాల వైద్యమండలులకు తెలిపింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు, నిజాం కాలంనాటి 1919 చట్టాన్ని కొట్టివేసింది. ఆ చట్టం హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో వ్రాయమన్నది. హిజ్రా అంటే అనుమానితుడన్న భావానికి అది శాసనరూపం.

వైద్యం అందే చోట్లు మాత్రం ఇంకా కొద్ది. హైదరాబాదు నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే ఉద్యోగులు. మాటసాయం, హార్మోన్ల సలహా, సుఖరోగాల చికిత్స ఒకే కప్పు క్రింద దొరికేవి. 2025 ఆరంభంలో అమెరికా సహాయం నిలిచిపోగానే అది మూతపడింది. అదే ఏడాది సబ్‌రంగ్ అన్న పేరుతో తిరిగి తెరుచుకొన్నది. దూరదేశపు సంతకం ఒకటి ఆగితే నారాయణగూడలో తలుపు మూతపడడం ఒక హెచ్చరిక. ఇది దాతల దయమీద కాక, సర్వజన వైద్యశాలల నిత్యకృత్యంలో భాగంగా నిలవాలి.

మళ్ళీ ఓర్వకల్లు

పొదుపు సంఘపు కూటమిలో ఒక సభ్యురాలు తన కష్టం చెప్పుకొంటున్నప్పుడు మిగిలినవారు మొదట చేసే పని వినడం. తీర్పు తరువాత. అందుచేత అంగీకార చికిత్సలో ముఖ్యమైన విద్య ఓర్వకల్లుకు పరాయిది కాదు. ఆ వినికిడి పరిధిలోకి ఇంతవరకు రాని బిడ్డను చేర్చడమే కొత్త. బిడ్డ చెప్పినది విన్న తల్లికి మూడు సంగతులు తెలిస్తే చాలు. ఇది రోగం కాదు, పాపమూ కాదు. ఇవాళే ఏదీ తేల్చనక్కరలేదు. మాట్లాడడానికి మనుషులున్నారు: కర్నూలు సర్వజన వైద్యశాలలో మనోవైద్యులు ఉన్నారు, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు ఎవరైనా ‘మార్చేస్తాను’ అంటే అక్కడినుంచి లేచి రావాలన్నది నాలుగవ సంగతి.

ఈ పని ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఎంతవరకు చేయగలదు? ఇది వైద్యగ్రంథం కాదు. చికిత్సావిధానం కోసం దీనిని తెరవరాదు. పుట్టుకకూ ఎరుకకూ గల సంబంధాన్ని శాస్త్రీయంగా వివరించే పుస్తకం తెలుగులో వేరే రావలసి ఉన్నది. మలిముద్రణకు ఒక వైద్యుడు, ఒక ట్రాన్స్‌జెండర్ కార్యకర్త కలిసి వ్రాసిన చిన్న అనుబంధం చేరిస్తే చదువరికి మేలు. అట్ట మీద ‘నా గురించిన నిజం’ అన్న మాటకు చోటు కల్పిస్తే ఇంకా మేలు.

కాని దీనిని జాలికథగా చదివి కన్నీరు తుడుచుకొని మూసేసేవారు గ్రంథాన్ని సగమే చదివినట్లు. జాలి పడేవారు ప్రథమ పురుషలోనే ఆలోచిస్తారు: ‘పాపం, ఎన్ని కష్టాలు పడిందో’ అంటారు. రేవతి మొదటి పుటనుంచి కడపటి పుటవరకు ఉత్తమ పురుషలో మాట్లాడారు. ఆ మాటకు తగిన జవాబు మధ్యమ పురుషలో ఉన్నది. అది జవాబు కూడా కాదు, ‘మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?’ అన్న చిన్న ప్రశ్న. ఓర్వకల్లు బడిలోనో, ఆసుపత్రి వరండాలోనో ఒక్కరు ఈ పుస్తకం చదివి ఆ ప్రశ్న అడగగలిగితే, ఇల్లు విడిచి ఢిల్లీ రైలెక్కే అవసరం ఒక బిడ్డకు తప్పుతుంది.